పావు మిల్లీమీటరు చొప్పున: మాక్రోలో ఫోకస్ స్టాకింగ్ నేర్చుకోవడం

కిటికీ గట్టు మీద అప్పుడే చచ్చి పడిన ఒక ఈగ దగ్గర నేను ఫోకస్ స్టాకింగ్ నేర్చుకున్నాను, అంటే ఫోకస్ జరుపుతూ తీసిన చాలా ఫోటోల్లోని పదునైన భాగాలు ఏరి ఒకే ఫోటోగా కలపడం. అప్పటికే రెండేళ్లుగా మాక్రో, అంటే చిన్న వాటిని బాగా దగ్గరినుంచి పెద్దగా, తీస్తున్నాను. పువ్వు నడిమి భాగం, ఆకు మీద నీటిబొట్టు, పక్కనుంచి తూనీగ రెక్క, ఇవన్నీ బాగానే వచ్చేవి. ఈగ ముఖాన్ని ఎదురుగా పెట్టి తీస్తే మాత్రం లొంగలేదు. కంటి గళ్ళు పదునుగా వస్తే మీసాలు మసక. మీసాల మీద ఫోకస్ పెడితే కళ్ళు రెండూ ఎర్రటి మచ్చలు. అపెర్చర్, అంటే లెన్సు లోపలి కంత, మూసుకుంటూ పోయాను (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది): ఎఫ్ 11, ఎఫ్ 16, ఎఫ్ 22. ముఖమంతా కాస్త కాస్త కనిపించింది గానీ ఎక్కడా వెంట్రుక వెంట్రుకలా లేదు. పలచటి పొగలోంచి చూసినట్టుంది.

అది లెన్సు తప్పో నా చేతి తప్పో అనుకుని వారం రోజులు తల పట్టుకున్నాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, ఆ దూరంలో ఒక్క ఫోటోతో అది అయ్యే పని కాదని. ఆ లెక్క మీకూ ముందే తెలిస్తే ఆ వారం మిగులుతుంది. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

పదునుగా ఉండే పొర ఎంత పలచన

1:1 అంటే పది మిల్లీమీటర్ల పురుగు సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద కూడా పది మిల్లీమీటర్లే పడటం. అంత దగ్గర్లో ఎఫ్ 5.6 పెడితే పదునుగా వచ్చే పొర మందం దాదాపు 0.45 మిల్లీమీటర్లు. ఎఫ్ 16కి వెళ్ళినా 1.3 దాటదు. రెట్టింపు సైజుకి, అంటే 2:1కి వెళ్తే ఎఫ్ 5.6 దగ్గర 0.17 మాత్రమే. ఈ అంకెలు మీరే కట్టుకోవచ్చు. అపెర్చర్ అంకెను 2తో గుణించండి, దాన్ని 0.02తో గుణించండి (ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సైజు సెన్సర్ మీద ఎంత మసకను మన కన్ను ఊరుకుంటుందో ఆ హద్దు, మిల్లీమీటర్లలో). మ్యాగ్నిఫికేషన్‌కి ఒకటి కలిపి దానితో గుణించండి (1:1 అయితే మ్యాగ్నిఫికేషన్ 1, 2:1 అయితే 2). చివర్లో మ్యాగ్నిఫికేషన్ వర్గంతో భాగించండి. చిన్న సెన్సర్ అయితే 0.02 బదులు 0.015 వేసుకోండి.

మరి అపెర్చర్ ఇంకా మూస్తే పోలేదా? అక్కడే నా ఈగ పొగలో పడింది. మాక్రోలో లెన్సు మీద పెట్టిన ఎఫ్ అంకె ఒకటి, కాంతి వరకూ లెక్కలోకి వచ్చే అంకె ఇంకొకటి. మ్యాగ్నిఫికేషన్‌కి ఒకటి కలిపి దానితో గుణిస్తే ఆ రెండోది వస్తుంది. 1:1 దగ్గర ఎఫ్ 16 అంటే నిజానికి ఎఫ్ 32. అంత సన్న కంతలోంచి దూరే కాంతి అంచుల దగ్గర వంగి విచ్చుకుంటుంది. ఒక్కో చుక్క సెన్సర్ మీద సుమారు 43 మైక్రాన్ల పళ్ళెంలా పరుచుకుంటుంది. ఇప్పటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో ఒక పిక్సెల్ వెడల్పు నాలుగైదు మైక్రాన్లు ఉంటుంది. అంటే ఒక చుక్కకి చెందిన వెలుగు సుమారు పది పిక్సెళ్ళ వెడల్పున పారుతోందన్నమాట. దీన్నే డిఫ్రాక్షన్ అంటారు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు. (నికాన్ కెమెరాలకి వాళ్ళ మైక్రో లెన్సు, అంటే మాక్రో లెన్సే, తగిలిస్తే దగ్గరికి వెళ్ళేకొద్దీ ఎఫ్ అంకె తనంతట పెరుగుతూ కనిపిస్తుంది. అది ఈ రెండో అంకె. కంగారుపడకండి.)

కాబట్టి దారి ఒకటే. లెన్సు బాగా పదునుగా ఇచ్చే అపెర్చర్ దగ్గర ఆగి, పలచటి పదునైన పొరలు చాలా తీసి, వాటిని కలుపుకోవాలి. ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీయడం ఫోకస్ బ్రాకెటింగ్. ఆ ఫోటోలన్నిటిలోంచి పదునైన భాగాలు ఏరి ఒకే ఫోటోగా చేయడం ఫోకస్ స్టాకింగ్. మొదటిది కెమెరా పని, రెండోది కంప్యూటర్ పని. కొత్తవాళ్ళు ఎక్కువగా రెండోదాని గురించే అడుగుతారు. నా అనుభవంలో చెడిపోయిన స్టాకుల్లో చాలావరకు మొదటి దశలోనే చెడిపోయాయి.

కెమెరాలోనే బ్రాకెటింగ్ రావడం ఈ మధ్య ముచ్చటే. ఒలింపస్ 2015లో ఓఎం-డీ ఈ-ఎం1కి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా ఇచ్చింది. నికాన్ 2017లో డీ850లో ఫోకస్ షిఫ్ట్ షూటింగ్ పేరుతో పెట్టింది, ఒక్క వరసలో 300 ఫోటోల దాకా తీస్తుంది. తర్వాత కెనాన్, ఫూజీ, సోనీ అన్నీ ఈ దారి పట్టాయి. కలిపే సౌకర్యం ఫొటోషాప్‌లో 2008లోనే వచ్చింది. అంగారకుడి మీద తిరిగే క్యూరియాసిటీ రోవర్ చేతికున్న కెమెరా కూడా ఇదే పని చేస్తుంది, రాతిని వేర్వేరు ఫోకస్‌లలో ఎనిమిది ఫోటోల దాకా తీసి అక్కడే కలిపేస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకెందుకో చాలా ధైర్యం వచ్చింది.

ముందు స్కేలు, తర్వాతే పురుగు

ఇప్పుడు చెప్పబోయేది ఒక్కటి చేస్తే చాలు, మిగతా వ్యాసం వదిలేసినా ఫరవాలేదు.

కెమెరా మెనూలో స్టెప్ విడ్త్ అనో ఫోకస్ ఇంక్రిమెంట్ అనో 1 నుంచి 10 దాకా అంకెలు ఉంటాయి. ఆ అంకెకి మిల్లీమీటర్లతో సంబంధం ఎక్కడా రాసి ఉండదు. లెన్సు మారితే మారుతుంది, దూరం మారితే మారుతుంది, కొన్ని కెమెరాల్లో అపెర్చర్ మారినా మారుతుంది. అందుకని ఎవరో చెప్పిన "5 పెట్టు, 30 ఫోటోలు తియ్" అనే మాట మీ చేతిలో పనికిరాదు. మీ అడుగు, అంటే ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకి ఫోకస్ జరిగే దూరం, మీరే కొలుచుకోవాలి.

ఒక ప్లాస్టిక్ స్కేలుని పుస్తకానికి ఆనించి, కెమెరా వైపు చూస్తూ 45 డిగ్రీల వాలుగా నిలబెట్టండి. మాక్రో లెన్సుని 1:1కి తెచ్చి, కింది గీతల మీద, అంటే మీకు దగ్గరగా ఉన్నవాటి మీద ఫోకస్ పెట్టండి. ఎఫ్ 5.6. స్టెప్ 5. పది ఫోటోల వరస తీయండి. ఇప్పుడు మొదటి ఫోటోలో ఏ గీత పదునుగా ఉందో, పదో ఫోటోలో ఏ గీత పదునుగా ఉందో చూడండి. నా లెన్సుతో మొదటిసారి చూసినప్పుడు ఫోకస్ స్కేలు వెంట 8 మిల్లీమీటర్లు నడిచింది. స్కేలు వాలుగా ఉంది కాబట్టి అసలు లోతు అందులో 0.7 వంతు, 5.6 మిల్లీమీటర్లు. పది ఫోటోల మధ్య తొమ్మిది అడుగులు. 5.6ని 9తో భాగిస్తే ఒక్కో అడుగు 0.62 వచ్చింది.

నా పొర మందం 0.45. అడుగు 0.62. అంటే ప్రతి రెండు పొరల మధ్యా పదును లేని సందు వదిలేస్తూ వచ్చాను. అప్పటిదాకా నా స్టాకుల్లో చారలు ఎందుకు పడుతున్నాయో ఆ స్కేలు ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది. స్టెప్ 2కి తగ్గించి మళ్ళీ కొలిస్తే పావు మిల్లీమీటరు చిల్లర వచ్చింది. ఇప్పటికీ ఆ లెన్సుతో 1:1 దగ్గర నా అడుగు అదే.

పద్ధతిగా చెప్పాలంటే, అడుగు మీ పొర మందంలో డెబ్బై శాతం దాటకూడదు. పొరలు ఒకదాని మీద ఒకటి ముప్పై శాతమైనా ఎక్కాలి, ఇంటి పైకప్పు పెంకుల్లాగా. ఎక్కువ ఎక్కితే నష్టం లేదు, కొన్ని ఫోటోలు అదనం, అంతే. తక్కువ ఎక్కితే ఆ సందులో ఏముందో ఏ ఫోటోలోనూ ఉండదు. 1:1 దగ్గర ఎఫ్ 4, ఎఫ్ 5.6, ఎఫ్ 8, తర్వాత 2:1 దగ్గర మళ్ళీ ఇవే, ఇలా ఒక చిన్న పట్టిక కొలిచి రాసుకుని కెమెరా సంచిలో పెట్టుకోండి. ఒక మధ్యాహ్నం పని.

మొదటి స్టాక్‌కి పెన్సిలు

అందరూ పురుగుతో మొదలుపెడతారు. వద్దు. చెక్కిన పెన్సిలుని మొన మీవైపు వచ్చేలా కొంచెం ఏటవాలుగా బల్ల మీద పెట్టండి. చెక్క పీచు, దాని మీద చాకు గీతలు, సీసం మెరుపు, రంగు పెచ్చు, అన్నీ చిన్న చిన్న వివరాలే. ఎక్కడైనా ఒక్క పొర తప్పితే చెక్క పీచు మీద మసక పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. పెన్సిలు కదలదు, ఎండిపోదు, మీసాలు ముడుచుకోదు. తప్పు ఎవరిదో వెంటనే తేలుతుంది.

ట్రైపాడ్ బలమైనదే కావాలి గానీ అంతకన్నా ముఖ్యం, వస్తువూ కెమెరా ఒకే దాని మీద ఉండటం. ట్రైపాడ్ నేల మీద, పెన్సిలు బల్ల మీద ఉంటే మీరు కుర్చీలో కదిలినప్పుడు రెండూ వేర్వేరుగా ఊగుతాయి. నేను బల్ల మీదే చిన్న ట్రైపాడ్ పెట్టి తీస్తాను. ఫ్యాన్ ఆపేస్తాను. షటర్‌ని చేత్తో నొక్కను, రిమోట్ గానీ రెండు సెకన్ల టైమర్ గానీ. కెమెరా ట్రైపాడ్ మీద ఉన్నంతసేపూ స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపి ఉంచుతాను. ఎలక్ట్రానిక్ షటర్ ఉంటే షటర్ తెర (కర్టెన్) కదిలే దడ కూడా ఉండదు. అయితే చాలా కెమెరాల్లో దానితో ఫ్లాష్ పనిచేయదు, లేదా సింక్ వేగం, అంటే ఫ్లాష్‌తో వాడగల షటర్ వేగం, బాగా తగ్గిపోతుంది. మీ కెమెరా సంగతి ముందే చూసుకోండి.

ఎక్స్‌పోజర్ మొత్తం మాన్యువల్. ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి స్పందించే స్థాయి) ఆటోలో ఉండకూడదు, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉండకూడదు. వరసలో పదిహేనో ఫోటో ఒక్క ఇసుమంత వెలుగు మారినా కలిపాక అక్కడ మరక పడుతుంది. ఫోటోలు 'రా' ఫార్మాట్‌లో, అంటే కెమెరా కుదించని ముడి ఫైళ్ళుగా, తీయండి. ఫోకస్ మొదటి చోటుని మాత్రం జూమ్ చేసి కంటితో పెట్టుకోండి.

వెలుతురు గురించి ఇంకొంచెం చెప్పాలి. మాక్రోలో మెరిసే చోట్లే ఎక్కువ: పురుగు డొక్క, కన్ను, నీటిబొట్టు. చిన్న దీపం నేరుగా పడితే అక్కడ తెల్లటి చుక్కలు కాలిపోయినట్టు వస్తాయి. స్టాక్‌లో అవి ఒక్కో ఫోటోలో ఒక్కో సైజులో ఉబ్బి, కలిపాక ఉంగరాలుగా మిగులుతాయి. ట్రేసింగ్ పేపర్‌ని గొట్టంలా చుట్టి వస్తువు చుట్టూ నిలబెట్టి, బయటినుంచి వెలుగు ఇవ్వండి. కాగితం వస్తువుకి ఎంత దగ్గరుంటే వెలుగు అంత మెత్తగా ఉంటుంది. నేను చూసిన ఏ ఖరీదైన డిఫ్యూజరూ ఆ గొట్టం కన్నా మెరుగ్గా పనిచేయలేదు.

ఎల్ఈడీ దీపమా, ఫ్లాషా? పెన్సిలుకి దీపం చాలు. అయితే కొన్ని దీపాలు మన కంటికి తెలియకుండా మినుకుతాయి, వరసలో ఒక ఫోటో వెలుగుగా, ఒకటి చీకటిగా వస్తే అదే కారణం. షటర్ వేగం బాగా తగ్గిస్తే సర్దుకుంటుంది. ఫ్లాష్ అయితే తక్కువ పవర్‌లో, 1/32 లాంటి చోట, వెలుగు ఎంత తక్కువసేపు ఉంటుందంటే చిన్న కుదుపులు ఫోటోలో కనిపించవు. నేను ఎక్కువగా ఫ్లాషే వాడతాను. దానికో జాగ్రత్త ఉంది, అది నేర్చుకోవడానికి నాకు ఒక ఈగ ఖర్చయింది.

ముప్పై రెండు ఫోటోల వరస అది. 2:1, ఎఫ్ 5.6. ఫోటోకీ ఫోటోకీ మధ్య విరామం పెట్టడం మర్చిపోయాను. కెమెరా దాని వేగంలో అది తీసుకుంటూ పోయింది, ఫ్లాష్ రీచార్జ్ అయ్యేలోపు పంతొమ్మిదో ఫోటో తీసేసింది. ఆ ఒక్కటి నల్లగా వచ్చింది. చిన్న తెరమీద గబగబా తిప్పి చూశాను, గమనించలేదు. ఈగని పక్కన పెట్టేశాను. రాత్రి కలిపి చూస్తే ఎడమ కంటి గళ్ళు పై నుంచి కిందికి ముత్యాల పలకలా ఉన్నాయి, మధ్యలో మాత్రం ఒక సన్నటి వంపు పట్టీ, తడి వేలితో తుడిచినట్టు. ఆ పట్టీలోని గళ్ళు పంతొమ్మిదో ఫోటోలో ఉండాల్సినవి. మర్నాడు మళ్ళీ తీద్దామంటే కళ్ళు ఎండి లోపలికి కుంగిపోయాయి. అప్పటినుంచి విరామం రెండు సెకన్లు తప్పకుండా పెడతాను, వరస అయ్యాక వస్తువుని కదపకముందే ఫోటోలన్నీ చిన్న బొమ్మలుగా పక్కపక్కన పెట్టి వెలుగు సమంగా ఉందో లేదో చూస్తాను. ఆపైన అదే వరసని ఇంకోసారి తీస్తాను. రెండో వరస ఎప్పుడూ వృథా అనిపించలేదు.

ఫోకస్ జరపడానికి మూడు దారులు

కెమెరాలో బ్రాకెటింగ్ ఉంటే అదే వాడండి. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే మీ పని. చాలా కెమెరాలు దగ్గరినుంచి దూరానికి జరుపుతాయి, కాబట్టి పెన్సిలు మొన కన్నా కొంచెం ముందు, గాలిలో, మొదలుపెట్టండి. మొదటి రెండు ఫోటోల్లో ఏదీ పదునుగా ఉండకూడదు. చివర కూడా అలాగే, మీకు కావాల్సిన వెనక అంచు దాటి రెండు మూడు ఫోటోలు పోనివ్వండి. లెక్క కడితే 6 మిల్లీమీటర్ల లోతుకి 0.25 చొప్పున 24 అడుగులు, 25 ఫోటోలు. నేను 32 పెడతాను. ఎక్కువైన ఫోటో తీసేయడం ఒక్క క్లిక్కు. లేని ఫోటో తేవడం మన చేతిలో లేదు.

ఆ సౌకర్యం లేని కెమెరా అయితే లెన్సు ఫోకస్ రింగుని వేలితో ఇసుమంత ఇసుమంత తిప్పుతూ తీయొచ్చు. 1:1 లోపు ఇది బాగానే పనిచేస్తుంది. రింగు మీద ఒక కాగితం పట్టీ అంటించి, పెన్నుతో సమానంగా గీతలు పెట్టుకుని, గీతకో ఫోటో తీసుకుంటూ పోతే చేయి త్వరగా అలవాటు పడుతుంది.

మూడోది రెయిల్. కెమెరా మొత్తాన్ని మరచుట్టు మీద ముందుకీ వెనక్కీ జరిపే పట్టా. 1:1 దాటాక, ముఖ్యంగా ఫోకస్ రింగే లేని కెనాన్ ఎంపీ-ఈ 65 లాంటి లెన్సులకి, మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్‌లకి ఇదే దారి. చక్రం ఒక్క చుట్టుకి ఎంత జరుగుతుందో మీరే కొలవండి: పది చుట్లు తిప్పి, ఎంత దూరం వచ్చిందో స్కేలుతో చూసి, పదితో భాగించండి. ఒక చుట్టుకి ఒక మిల్లీమీటరు అనుకుంటే 2:1 దగ్గర మీకు కావాల్సిన 0.12 అడుగు చుట్టులో ఎనిమిదో వంతు. చక్రం మీద ఎనిమిది చుక్కలు పెట్టుకోండి. తిప్పేటప్పుడు ఎప్పుడూ ఒకే వైపు తిప్పండి. వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి వస్తే మరలో ఉన్న వదులు అడుగుని మింగేస్తుంది. పళ్ళచక్రం మీద నడిచే రెయిళ్ళు ఫ్రేమింగ్‌కి మంచివే, ఇంత చిన్న అడుగులకి నాకు పనికిరాలేదు.

రెయిల్‌తో 1:1 కన్నా తక్కువ సైజులో, లోతు ఎక్కువున్న వస్తువుని తీయకండి. కెమెరా జరిగేకొద్దీ చూసే చోటు జరుగుతుంది. ముందున్న ఆకు వెనకున్న కాడని ఒక్కో ఫోటోలో ఒక్కో చోట కప్పుతుంది, కలిపేటప్పుడు సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది.

కలపడం

'రా' ఫోటోలన్నిటికీ ఒకే సెట్టింగులు పెట్టి, 16 బిట్ టిఫ్ (TIFF) ఫైళ్ళుగా మార్చుకోండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించి ఉంచండి. ఇక్కడ పదును పెంచితే నాయిస్ (ఫోటోలో ఇసుక చల్లినట్టుండే చుక్కలు) కూడా పెరిగి, సాఫ్ట్‌వేర్ దాన్నే వివరం అనుకుని ఏరుకుంటుంది. సెన్సర్ మీద దుమ్ము ఉంటే ఈ దశలోనే తుడిచేయండి. ఎందుకంటే ఫోటోలు ఒకదానికొకటి సరిపోయేలా సాఫ్ట్‌వేర్ సైజు సవరిస్తుంది, అప్పుడు ఒక్క దుమ్ముచుక్క ముప్పై చుక్కల తోకగా సాగుతుంది.

ఫొటోషాప్ ఉంటే ఫోటోలని లేయర్లుగా తెచ్చి, ఆటో అలైన్, తర్వాత ఆటో బ్లెండ్‌లో స్టాక్ ఇమేజెస్. పెన్సిలుకి ఇది చాలు. డబ్బు పెట్టకుండా కావాలంటే హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉంది. అందులో కాంట్రాస్ట్ వెయిట్ ఒకటి, ఎక్స్‌పోజర్, సాచురేషన్ వెయిట్లు సున్నా, హార్డ్ మాస్క్ ఆన్. ఈ పనికే పుట్టినవి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్. వెంట్రుకలున్న పురుగు దగ్గరికి వచ్చాక నాకు వీటి అవసరం తెలిసింది.

ఈగ ముఖం తీసుకోండి. కంటికి ముందు గాలిలో ఒక నల్లటి వెంట్రుక అడ్డంగా ఉంది. వెంట్రుక నాలుగో ఫోటోలో పదును, దాని వెనక కన్ను పదహారో ఫోటోలో పదును. పదహారో ఫోటోలో వెంట్రుక కరిగి ఒక వెడల్పాటి నీడగా కంటి మీద పరుచుకుని ఉంటుంది. ఇప్పుడు ఏ చోట ఏ ఫోటో తీసుకోవాలి? జెరీన్‌లో పీమాక్స్, హెలికాన్‌లో సి పద్ధతి, ఇవి వివరాన్ని సైజుల వారీగా విడదీసి కలుపుతాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ వెంట్రుకల గుబురుని ఇవే నిలబెడతాయి. బదులుగా నాయిస్ పెంచుతాయి, రంగులూ వెలుగులూ కొంచెం గట్టిపడతాయి. జెరీన్‌లో డీమాప్, హెలికాన్‌లో బి పద్ధతి, ప్రతి చోటుకీ ఒక ఫోటోని ఎంచుకుని లోతు పటం గీస్తాయి. వీటిలో నునుపైన తలాలు, రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. వెంట్రుక అంచున మాత్రం మసక వలయం మిగులుతుంది, దాన్నే హేలో అంటారు.

నేను రెండు విధాలా చేస్తాను. డీమాప్ ఫలితాన్ని పునాదిగా పెట్టుకుని, వెంట్రుకలూ మీసాలూ ఉన్న చోట పీమాక్స్ ఫలితంలోంచి బ్రష్‌తో దిద్దుతాను. ఈ దిద్దుబాటుని రీటచింగ్ అంటారు, రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. ఏ ఒక్క ఫోటోలోంచైనా కూడా తీసుకోవచ్చు. ఈగ ముఖానికి నాకు గంట పడుతుంది. విసుగు అనిపించదు. కంటి అంచు వెంట వరసగా ఉన్న రోమాల మొదళ్ళు ఒక్కొక్కటీ గుంటలోంచి ఎలా లేస్తున్నాయో చూసేది ఆ గంటలోనే.

వంద ఫోటోలు దాటిన స్టాక్ అయితే పది పన్నెండు ఫోటోల చొప్పున, పక్క గుంపులతో రెండు మూడు కలిసేలా, చిన్న స్టాకులు చేసి, తర్వాత వాటిని కలపండి. దిద్దడం చాలా తేలికవుతుంది. బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ లెవాన్ బిస్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియంలోని కీటకాలను తీసినప్పుడు ఒక్కో కీటకానికి ఎనిమిది వేలకు పైగా ఫోటోలు పట్టాయి. కీటకం ఒంటిని ముప్పై దాకా భాగాలుగా లెక్కపెట్టుకుని, ఒక్కో భాగానికి విడిగా వెలుగు అమర్చుకుని, విడి స్టాక్‌గా తీశాడు. మనకి అన్ని అక్కర్లేదు. కానీ రెక్కకి ఒక వెలుగు, తలకి ఒక వెలుగు అన్న ఆలోచన మాత్రం నేను తీసుకున్నాను.

బతికున్న వాటిని

పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి తీసేవాళ్ళున్నారు, చంపి తీసేవాళ్ళున్నారు. నేను చేయను. ఫోటో కోసం ఒక ప్రాణిని అలా చేయడం నాకు సమ్మతం కాదు. పైగా అవసరమూ లేదు. తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, చలికి పురుగులన్నీ గడ్డిపోచలకి అతుక్కుని కదలకుండా ఉంటాయి. గాలి కూడా ఆ వేళకి పడి ఉంటుంది. ఎండ వచ్చేదాకా మీ సమయం.

అక్కడ ట్రైపాడ్ నిలబెట్టే చోటు దొరకదు. ఎడమ చేత్తో తూనీగ కూర్చున్న పుల్లనే, దానికి చాలా కిందుగా, మెల్లగా పట్టుకుంటాను. లెన్సుని అదే చేతి మణికట్టు మీద ఆనిస్తాను. ఇప్పుడు పుల్లా లెన్సూ ఒకటే, ఊగితే రెండూ కలిసి ఊగుతాయి. ఇక్కడ స్టెబిలైజేషన్ ఆన్. సైజు 1:1 కన్నా తక్కువ, సగం దగ్గర. అపెర్చర్ ఎఫ్ 8, అందువల్ల పొర రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పది పన్నెండు ఫోటోలతో తలా రొమ్మూ వచ్చేస్తాయి. కెమెరాని దాని అత్యధిక వేగంలో, ఫ్లాష్ లేకుండా, ఎలక్ట్రానిక్ షటర్‌తో పెట్టి వరస కొడతాను. బ్రాకెటింగ్ లేని కెమెరాతో అయితే ఫోకస్ కదపకుండా, ఊపిరి వదులుతూ ఒళ్ళంతా నెమ్మదిగా ముందుకి వాల్చుతూ బరస్ట్, అంటే ఆగకుండా వరస ఫోటోలు, తీయండి. పది వరసల్లో ఒకటి కుదురుతుంది.

ఫ్రేమ్ చుట్టూ జాగా వదలండి. చేతి ఊపుని సరిచేశాక అంచులు కోతకి పోతాయి. ఇంటికొచ్చాక ప్రతి వరసనీ ఒక్కో ఫోటోగా తిప్పుతూ చూడండి, కాలో మీసమో కదిలిన ఫోటోలని తీసేయండి. అవి వరస మొదట్లోనో చివర్లోనో ఉంటే అదృష్టం. మధ్యలో ఉంటే ఆ భాగాన్ని పక్క వరసలోంచి తెచ్చి దిద్దాలి.

పోయిన వారం ఒక తూనీగ దొరికింది. ఒళ్ళంతా మంచు, ఒక్కో కంటి మీద వందల నీటి పూసలు. ఎనిమిది వరసలు తీశాను. ఐదో వరసలో ముందుకాలు ఎత్తి కంటి మీది నీళ్ళు తుడుచుకుంది, ఒక చార శుభ్రపడి లోపలి గళ్ళు బయటపడ్డాయి. నాలుగో వరసనీ ఆరో వరసనీ విడివిడిగా కలిపి ఉంచాను, తుడవకముందు ఒకటి, తుడిచాక ఒకటి. తొమ్మిదోది మొదలుపెట్టేసరికి ఎండ పుల్ల మీదికి దిగింది. తూనీగ రెక్కలు వణికించడం మొదలుపెట్టింది, పూసలన్నీ రాలిపోయాయి. నేను కెమెరా దించి, పుల్ల వదిలేశాను.